కారు స్టార్ట్ అయింది, మరి బ్యాటరీ ఛార్జ్ అయిందా?

సంక్రాంతికి రైల్లో ఊరెళ్లిన కుటుంబం పది రోజుల తర్వాత హైదరాబాద్ తిరిగొస్తుంది. సోమవారం పొద్దున అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి దిగి కారు తాళం తిప్పితే ఇంజిన్ తిరగదు. డ్యాష్‌బోర్డు లైట్లు ఒకసారి వెలిగి మసకబారతాయి. బానెట్ కింద నుంచి టకటకమని సన్నటి చప్పుడు. అది విని వాచ్‌మన్, పక్క ఫ్లాట్ ఆయన, పాల ప్యాకెట్ కోసం కిందికొచ్చిన పెద్దాయన చుట్టూ చేరతారు. ఒకరు తోద్దామంటారు. ఒకరు తన కారు నుంచి కరెంటు ఇస్తానంటారు. ఇంకొకరు వైరు పీకి మళ్లీ పెట్టి చూడమంటారు. పిల్లల స్కూలుకు టైమైపోతోందని ఇంటివాళ్లకు టెన్షన్. బ్యాటరీ దగ్గర చేయకూడని పనులు జరిగేది సరిగ్గా ఇలాంటి పది నిమిషాల్లోనే.

ఈ తొందరలో రెండు వేర్వేరు పనులు ఒక్కటిగా కనిపిస్తాయి. ఇంజిన్‌ను తిప్పడం ఒక పని, ఖాళీ అయిన బ్యాటరీని నింపడం మరో పని. వీటి మధ్య తేడా ఎంతుందో లెక్క వేస్తేనే తెలుస్తుంది. చిన్న పెట్రోలు కారులో ఇంజిన్‌ను మొదట తిప్పే సెల్ఫ్ మోటార్ సుమారు 150 ఆంపియర్లు లాగుతుందనుకుందాం. మూడు సెకన్లు తిరిగితే ఇంజిన్ అందుకుంటుంది. ఒక ఆంపియర్ కరెంటు గంటసేపు పారితే ఒక ఆంపియర్ అవర్; ఆ మూడు సెకన్లలో ఖర్చయ్యేది 0.125 ఆంపియర్ అవర్. మన చిన్న కార్లలో ఎక్కువగా కనిపించే 35 ఆంపియర్ అవర్ బ్యాటరీలో ఇది అర శాతం కూడా కాదు. అదే బ్యాటరీ పూర్తిగా దిగిపోయి ఉంటే దాని లోటు 30 ఆంపియర్ అవర్ల పైమాటే. స్టార్ట్ చేయడానికి కావాల్సింది చెంచాడు, లోపల ఖాళీ బిందెడు. పక్క కారు నుంచి వచ్చేది ఆ చెంచాడే. బిందె నిండిందనుకుని బయల్దేరినవాళ్లు సాయంత్రం ఆఫీసు పార్కింగ్‌లో మళ్లీ అదే టకటక వింటారు.

చెంచాడే చాలినప్పుడు దిగిపోయిన బ్యాటరీ దాన్ని కూడా ఎందుకు ఇవ్వలేదు? జవాబు లోపలి రసాయనంలో ఉంది. ఫ్రాన్స్‌కు చెందిన గాస్టన్ ప్లాంటే 1859లో తయారుచేసిన సీసం బ్యాటరీ సూత్రమే ఇప్పటికీ బానెట్ల కింద నడుస్తోంది. తిరుపతి దగ్గర కరకంబాడిలో తయారయ్యే అమరాన్ బ్యాటరీ లోపల ఉన్నదీ అదే. ఆరు గదులు, ఒక్కో గదిలో సీసపు పలకలు, వాటి మధ్య నీళ్లు కలిపిన సల్ఫ్యూరిక్ యాసిడ్. ఒక్కో గది 2.1 వోల్టులిస్తే ఆరూ కలిసి 12.6. కరెంటు వాడుతున్నకొద్దీ యాసిడ్‌లోని సల్ఫేట్ పలకలకు పట్టుకుంటుంది, యాసిడ్ పలచబడుతుంది. పలకల మీద పేరుకున్న సీసపు సల్ఫేట్ కరెంటుకు అడ్డు. అందుకే ఆ బ్యాటరీ చిన్న బల్బును వెలిగించగలుగుతుంది గానీ, సెల్ఫ్ మోటార్ 150 ఆంపియర్లు అడగ్గానే వోల్టేజి ఒక్కసారిగా పడిపోతుంది. సెల్ఫ్ మీదున్న సోలనాయిడ్ అనే అయస్కాంత స్విచ్ అతుక్కుంటుంది, వోల్టేజి పడి వదిలేస్తుంది, వోల్టేజి కాస్త కోలుకోగానే మళ్లీ అతుక్కుంటుంది. ఆ టకటక అదే.

చప్పుడు తేడాగా ఉంటే రోగమూ తేడాదే. లైట్లు కాంతి తగ్గకుండా వెలుగుతూ, ఒక్కసారి మాత్రం టక్‌మని ఊరుకుంటే సెల్ఫ్ మోటార్‌ను అనుమానించాలి. ఇంజిన్ హుషారుగా తిరుగుతూనే అందుకోకపోతే తప్పు పెట్రోలు వైపో స్పార్క్ వైపో ఉంటుంది. అప్పుడు ఒక కారు బ్యాటరీ నుంచి ఇంకో కారుకు కరెంటు అందించే జంపర్ కేబుల్స్ కోసం ఊరంతా వెతకడం దండగ. ఇంకో సంగతి, బ్యాటరీ నిండుగా ఉన్నా టెర్మినల్ బిగువు లేకపోతే, దాని మీద తెల్లగా, నీలంగా పొడి పట్టి ఉంటే సరిగ్గా ఈ లక్షణాలే కనిపిస్తాయి. చేత్తో పట్టుకుని తిప్పితే క్లాంపు కదిలిందంటే ముందు దాన్ని బిగించి చూడాలి. 10 నంబరు స్పానర్‌తో తీరిపోయే సమస్యకు కొత్త బ్యాటరీ కొన్నవాళ్లు తక్కువేం లేరు.

ఇక బ్యాటరీ దిగిపోవడానికి కారణాలు. తలుపు సరిగా పడక కారులో 5 వాట్ల బల్బు వెలుగుతూ ఉండిపోతే అది 0.4 ఆంపియర్లు తాగుతుంది. రెండు రోజులు గడిచేసరికి 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ సగం ఖాళీ. 55 వాట్ల హెడ్‌లైట్లు రెండూ మర్చిపోతే నాలుగు గంటలు కూడా ఆగదు. ఏ లైటూ వేయకపోయినా అలారం, గడియారం, రిమోట్ తాళం, ఇంజిన్ కంప్యూటర్ జ్ఞాపకం కోసం ఆపి ఉంచిన కారు కూడా కొద్దిగా కరెంటు తీసుకుంటూనే ఉంటుంది. సాధారణంగా అది 50 మిల్లీ ఆంపియర్ల లోపే. అంతే తీసుకున్నా రోజుకు 1.2 ఆంపియర్ అవర్, పదిహేను రోజులకు 18. అంటే సగం బ్యాటరీ. పార్కింగ్‌లోనూ రికార్డు చేసే డ్యాష్‌క్యామ్ 0.3 ఆంపియర్ తీసుకుంటే ఆ సగం రెండున్నర రోజుల్లోనే పోతుంది. బయట బిగించిన జీపీఎస్ ట్రాకర్లు, మ్యూజిక్ సిస్టమ్ యాంప్లిఫైయర్లు ఈ ఖాతాలోనే చేరతాయి.

వీటన్నిటి వెనక మన ఎండ ఉంది. బ్యాటరీ చలికి చచ్చిపోతుందనే మాట చలి దేశాల నుంచి వచ్చింది. రెంటచింతలలో, రామగుండంలో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటిన రోజున బానెట్ కింద వేడి ఇంకా ఎక్కువ. వేడి పది డిగ్రీలు పెరిగితే బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగం తగ్గుతుందని ఆ రంగంలోవాళ్లు వేసుకునే మోటు లెక్క. పలకలు తుప్పు పడతాయి, నీళ్లు ఆవిరవుతాయి. ఎండాకాలంలో జరిగిన ఈ నష్టం ఇంజిన్ ఆయిల్ చిక్కబడి సెల్ఫ్‌కు బరువయ్యే డిసెంబరు, జనవరి పొద్దుల్లో బయటపడుతుంది. నింద మాత్రం చలి మీదికి పోతుంది.

12 వోల్టులే కదా!

కారు బ్యాటరీని ముట్టుకుంటే షాకు కొట్టదు. నిజమే. ఈ నిజం వల్లే దాని దగ్గర భయం పోయి అసలు ప్రమాదాలు మరుగున పడతాయి. మొదటిది, ప్లస్ టెర్మినల్‌కూ కారు బాడీకీ మధ్య లోహం తగిలితే వందల ఆంపియర్లు ఒక్కసారిగా పారతాయి. స్పానర్ ఎర్రబడుతుంది. అది వేలి ఉంగరమో చేతి కడియమో గడియారపు గొలుసో అయితే తీసి పారేసే లోపే చర్మం కాలిపోతుంది. బానెట్ ఎత్తే ముందు బంగారం, గడియారం తీసి జేబులో పెట్టుకోవడం చాదస్తం కాదు.

రెండోది హైడ్రోజన్. బ్యాటరీ ఛార్జ్ అయ్యేటప్పుడు లోపలి నీళ్లు కొద్దికొద్దిగా హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడిపోయి పైకి వస్తాయి. గాలిలో హైడ్రోజన్ 4 శాతం చేరితే చాలు, చిన్న నిప్పురవ్వకు అంటుకుంటుంది. వాసన ఉండదు, రంగు ఉండదు. బ్యాటరీ మీద మూత పగిలి యాసిడ్ ముఖం మీదికి చిమ్మే ప్రమాదాలకు మూలం ఇదే. బీడీ, సిగరెట్, అగ్గిపుల్ల వెలుతురులో యాసిడ్ మట్టం చూడటం లాంటివి ఆ దరిదాపుల్లో ఉండకూడదు. యాసిడ్ కంట్లో పడితే ఆలోచించకుండా ధారగా మంచినీళ్లు పోస్తూ కనీసం పావుగంట కడగాలి, ఆ తర్వాత నేరుగా ఆసుపత్రికి.

కేబుల్ తగిలించే వరసకు అర్థమంతా ఈ హైడ్రోజన్‌లోనే ఉంది. రెండు కార్లూ ఒకదానికొకటి తగలకుండా దగ్గరగా నిలిపి, రెండింటి ఇంజిన్లూ ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఏసీ, లైట్లు, పాటలు అన్నీ కట్టేయాలి. ముందుగా ఎర్ర కేబుల్ ఒక కొస దిగిపోయిన బ్యాటరీ ప్లస్‌కు. దాని రెండో కొస మంచి బ్యాటరీ ప్లస్‌కు. తర్వాత నల్ల కేబుల్ ఒక కొస మంచి బ్యాటరీ మైనస్‌కు. ఇక మిగిలింది ఒక్క క్లిప్పు. చేయి దానంతటదే దిగిపోయిన బ్యాటరీ మైనస్ వైపు వెళ్తుంది. అక్కడ ఆగాలి. కరెంటు దారి పూర్తయ్యేది ఈ నాలుగో క్లిప్పుతోనే కాబట్టి నిప్పురవ్వ లేచేదీ ఇక్కడే. ఆ రవ్వ బ్యాటరీ నెత్తిన లేవకూడదు. అందుకే నాలుగో క్లిప్పును బ్యాటరీకి దూరంగా, ఇంజిన్ మీద రంగు లేని గట్టి ఇనుప భాగానికో, కంపెనీ చూపించిన ఎర్త్ బోల్టుకో తగిలించాలి. బ్యాటరీ మైనస్ ఎలాగూ బాడీకి, ఇంజిన్‌కి కలిసే ఉంటుంది కాబట్టి కరెంటు చేరాల్సిన చోటికే చేరుతుంది. రంగు వేసిన రేకుకు తగిలిస్తే పని జరగదు, పెట్రోలు పైపుల దగ్గర పెడితే కొత్త ప్రమాదం.

మైనస్ టెర్మినల్‌ను వదిలేయడానికి కొత్త కార్లలో ఇంకో కారణం కూడా ఉంది. సిగ్నల్ దగ్గర ఇంజిన్ తనంతట తానే ఆగి మళ్లీ స్టార్టయ్యే కార్లలో బ్యాటరీలోకి ఎంత వచ్చింది, ఎంత పోయింది అని లెక్కగట్టే సెన్సర్ చాలావరకు మైనస్ టెర్మినల్ మీదే ఉంటుంది. క్లిప్పు నేరుగా అక్కడ పెడితే వచ్చిన కరెంటు ఆ లెక్కలోకి రాదు.

నాలుగూ కుదిరాక మంచి కారు స్టార్ట్ చేసి ఐదు నుంచి పది నిమిషాలు నడవనివ్వాలి. చాలామంది ఓపిక పట్టనిది ఇక్కడే. ఆ కొద్దిసేపట్లో దిగిపోయిన బ్యాటరీ పైపైన కాస్త ఛార్జ్ ఎక్కి, సెల్ఫ్ తిరిగేటప్పుడు భారమంతా కేబుల్ మీద పడకుండా తనూ ఒక చెయ్యి వేస్తుంది. తర్వాత తాళం తిప్పాలి, ఐదు సెకన్లకు మించి కాదు. అందుకోకపోతే ఒక నిమిషం ఆగి మళ్లీ. మూడు నాలుగుసార్లకూ రాకపోతే అది కేబుళ్లతో తేలే వ్యవహారం కాదు. స్టార్ట్ అయ్యాక పెట్టిన వరసకు సరిగ్గా ఎదురు వరసలో, అంటే ఇంజిన్ మీద ఉన్న నల్ల క్లిప్పు నుంచి మొదలుపెట్టి తీయాలి. ఒక కొస ఇంకా బ్యాటరీకి ఉండగానే రెండో కొసను వేలాడదీయడం, ఎర్ర క్లిప్పు నల్ల క్లిప్పు ఒకే చేతిలో పట్టుకోవడం చివరి నిమిషంలో జరిగే పొరపాట్లు.

అన్నీ సరిగా పెట్టినా సెల్ఫ్ నీరసంగా మూలిగితే కేబుల్ మందం చూడాలి. రోడ్డు పక్కన చవగ్గా దొరికే కేబుళ్లు చూడ్డానికి లావుగా ఉంటాయి, లావంతా ప్లాస్టిక్ తొడుగుదే. మూడు మీటర్ల జత అంటే కరెంటు వెళ్లిరావడానికి ఆరు మీటర్ల దారి. లోపలి రాగి 25 చదరపు మిల్లీమీటర్లుంటే 150 ఆంపియర్ల దగ్గర పోయే వోల్టేజి 0.6. ఇంట్లో ఏసీకి వేసే 4 చదరపు మిల్లీమీటర్ల వైరంత సన్నగా ఉంటే పోయేది దాదాపు 4 వోల్టులు. ఇంక సెల్ఫ్‌కు మిగిలేదేముంది? ఆ పోయిన వోల్టేజి వేడిగా మారి ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. రాగి పూత పూసిన అల్యూమినియం తీగలైతే ఇంకా అన్యాయం. కేబుల్ దగ్గర చేసే పొదుపు పొదుపు కాదు.

తెలిసినవాళ్లు చెప్పే ఉపాయాలు

లారీ డ్రైవర్లు మంచి మనసుతో సాయానికి వస్తారు. కానీ లారీలో రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరసగా కలిపి 24 వోల్టులుంటాయి. ఆ కరెంటు కారుకు ఇస్తే ఎలక్ట్రానిక్స్ కాలిపోతాయి, బ్యాటరీ పేలవచ్చు. పల్లెలో ట్రాక్టర్ ఉంటే నయం, అది చాలావరకు 12 వోల్టులదే. అయినా బ్యాటరీ మీద రాసింది చూడందే తగిలించకూడదు. బైకు బ్యాటరీకి సెల్ఫ్ తిప్పే స్తోమత లేదు. ప్లస్ మైనస్ తారుమారైతే ఫ్యూజులు మాత్రమే పోతే అదృష్టం. మసి పట్టిన టెర్మినల్ మీద గుర్తు కనిపించకపోతే గుడ్డతో తుడిచి చూడాలి. కేబుల్ తొడుగు రంగును బట్టి ఊహించకూడదు, ఎవరో మెకానిక్ నల్ల వైరుకు నల్ల వైరే వేసి ఉంటాడన్న హామీ లేదు.

పాత కాలం నుంచి వస్తున్న అలవాటు ఒకటుంది. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకేసి, బండి ఆగకపోతే డైనమో బాగుందని చెప్పడం. అంబాసిడర్ల రోజుల్లో చెల్లిందేమో గానీ ఇప్పుడు చాలా ఖరీదైన పరీక్ష. ఇంజిన్ తిరుగుతుంటే కరెంటు తయారుచేసే ఆల్టర్నేటర్‌నే మెకానిక్‌లు డైనమో అంటారు. దాని వోల్టేజి ఎగసిపడకుండా బ్యాటరీయే అదుపులో పెడుతుంది. బ్యాటరీని హఠాత్తుగా తప్పిస్తే వోల్టేజి పదుల్లోకి దూకి ఇంజిన్ కంప్యూటర్‌ను కాల్చేయగలదు. వోల్టేజి కొలిచే మల్టీమీటర్ ఉంటే ఏమీ పీకనక్కర్లేదు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు టెర్మినళ్ల మధ్య 13.8 నుంచి 14.5 వోల్టుల వరకు ఉంటే సాధారణంగా డైనమో సరిగా ఉన్నట్టే. ఇంజిన్ నడుస్తున్నా 12 దగ్గరే ఉంటే బ్యాటరీ మార్చి లాభం లేదు, కొత్తదీ దిగిపోతుంది.

తోసి స్టార్ట్ చేయడం గేర్ల కారులోనే సాధ్యం. పెట్రోలు పంపుకీ, కంప్యూటర్‌కీ సరిపడేంత కరెంటు బ్యాటరీలో మిగిలి ఉంటేనే అదైనా పనిచేస్తుంది. బొత్తిగా దిగిపోతే ఎంత తోసినా ఆయాసమే. ఆటోమేటిక్ కార్లను తోయకూడదు. సెల్లార్ ర్యాంపు మీద నుంచి దొర్లించడం మరీ ప్రమాదం. ఇంజిన్ అందుకునే దాకా బ్రేకు, స్టీరింగ్ రెండూ బండబారి ఉంటాయి.

హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో కూడా చిన్న 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది, అదీ దిగిపోతుంది. వాటికి బయటి కరెంటు ఎక్కడ ఇవ్వాలో మాన్యువల్‌లో ఉంటుంది. ఇతర కార్లకు కరెంటు ఇవ్వడానికి వాటిని వాడవద్దని చాలా కంపెనీలు చెబుతాయి. అధిక వోల్టేజి పారే నారింజ రంగు వైర్లను ముట్టుకునే ప్రసక్తే లేదు. మంచు కురిసే ఊళ్లలో ఉంటున్న తెలుగు విద్యార్థులు గుర్తుంచుకోవాల్సింది మరొకటి: నిండు బ్యాటరీలోని యాసిడ్ మైనస్ 50 డిగ్రీల దాకా గడ్డకట్టదు, దిగిపోయిన దానిది మైనస్ 10 లోపే కట్టవచ్చు. పక్కలు ఉబ్బి, గడ్డకట్టినట్టున్న బ్యాటరీకి జంప్ ఇవ్వకూడదు. పేలుతుంది.

బిందె నింపే పని

కారు కదిలింది. "ఒక రౌండు తిప్పితే ఛార్జ్ అయిపోతుంది" అనే సలహా ఇప్పుడు వినిపిస్తుంది. అమీర్‌పేట నుంచి మాదాపూర్ దాకా ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని వెళ్తే ఇంజిన్ ఎక్కువసేపు నెమ్మదిగా తిరుగుతుంది. డైనమో ఇచ్చే కరెంటులో ఫ్యాన్లు, లైట్లు, ఇంజిన్ వాటా పోగా మిగిలిందే బ్యాటరీకి. హైవే మీద గంట సాఫీగా నడిపితే కొంత మెరుగు. కానీ నిండుతున్నకొద్దీ బ్యాటరీ కరెంటును నిదానంగానే తీసుకుంటుంది, ఆఖరి ఐదో వంతుకు గంటల తరబడి పడుతుంది. పైగా డైనమో ఉన్నది నిండుగా ఉన్న బ్యాటరీని నిండుగా ఉంచడానికి. అడుగంటిన దాన్ని నింపే బరువు పదేపదే మోపితే వేడెక్కి అదీ పాడవుతుంది.

సరైన దారి ఛార్జర్. బ్యాటరీ సామర్థ్యంలో పదో వంతు కరెంటు మంచి కొలత: 35 ఆంపియర్ అవర్‌కు 3.5 ఆంపియర్లు. నష్టాలు కలుపుకుంటే ఖాళీ బ్యాటరీకి సుమారు 12 గంటలు. బ్యాటరీ షాపులో పెద్ద ఛార్జర్‌కు పెట్టి గంటలో ఇచ్చేస్తామంటే సంతోషించాల్సిన పని లేదు. వేగంగా ఎక్కించిన కరెంటు పలకలను వేడెక్కించి, వంచి, ఉన్న ఆయుష్షు తగ్గిస్తుంది. నిండగానే తనే కరెంటు తగ్గించుకునే ఆటోమేటిక్ ఛార్జర్ ఇంట్లో ఉంటే మంచిది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా, దాని వైర్లు కారు బ్యాటరీకి పెడదామన్న ఆలోచన మన ఇళ్లలో సహజంగా వస్తుంది. 150 ఆంపియర్ అవర్ బ్యాటరీ కోసం తయారైన ఆ ఛార్జర్ 10, 15 ఆంపియర్లు పంపుతుంది. చిన్న బ్యాటరీకి అది మోయలేని వేగం.

ఛార్జింగ్ గాలి ఆడే చోట జరగాలి, మూసిన పడకగదిలో కాదు. క్లిప్పులు పెట్టాకే ప్లగ్ స్విచ్ వేయాలి, స్విచ్ కట్టాకే క్లిప్పులు తీయాలి. బ్యాటరీని కారు నుంచి విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. అలా అయితే ప్లస్ మీద ఉన్న స్పానర్ పొరపాటున బాడీకి తగిలినా ఏమీ కాదు. మూతలున్న బ్యాటరీ అయితే పలకలు మునిగేంత డిస్టిల్డ్ వాటర్ పోయాలి. కుళాయి నీళ్లూ వద్దు, అదనంగా యాసిడూ వద్దు. ఆవిరయ్యేది నీళ్లే, యాసిడ్ కాదు. టెర్మినల్ పొడిని వంటసోడా కలిపిన వేడినీళ్లతో కడిగి, ఆరాక కాస్త వ్యాజిలిన్ రాస్తే మళ్లీ అంత త్వరగా పట్టదు. ఆ సోడా నీళ్లు మూతల్లోంచి లోపలికి పోకుండా చూసుకోవాలి.

ఇదంతా వారాల తరబడి వాయిదా వేయకూడదు. ఖాళీగా పడున్న బ్యాటరీలో మెత్తటి సల్ఫేట్ రోజులు గడిచేకొద్దీ గట్టి స్ఫటికాలుగా మారుతుంది. తర్వాత ఎంత ఛార్జ్ చేసినా అది కరగదు. నింపిన బ్యాటరీని ఒక రాత్రి దేనికీ కలపకుండా ఉంచి తెల్లారి కొలిస్తే నిజం తెలుస్తుంది. 12.6 వోల్టుల దగ్గర నిలిస్తే ఆశ ఉంది, షాపులో భారం మోపి చూసే లోడ్ టెస్ట్ చేయించి వాడుకోవచ్చు. 12.2కు జారితే నిలుపుకునే శక్తి పోయినట్టే. 10.5 చూపిస్తే ఆరు గదుల్లో ఒకటి చచ్చిపోయింది. మన వేడిలో మూడు నుంచి ఐదేళ్లు పనిచేసిన బ్యాటరీ ఇలా చూపిస్తే ఆశ్చర్యం లేదు, ఏడాదికే చూపిస్తే వారంటీ కార్డు వెతకాలి. పాతదాన్ని కొత్తది కొన్న షాపులోనే ఇచ్చేయాలి. సీసాన్ని ఆరుబయట కరిగించే చోటికి అది చేరితే ఆ పొగా, ఆ మట్టీ చుట్టుపక్కల పిల్లల ఒంట్లోకి చేరతాయి.

వచ్చే సంక్రాంతికి రైలెక్కే ముందు డ్యాష్‌క్యామ్ ప్లగ్ పీకి, బానెట్ ఎత్తి మైనస్ క్లాంపు వదులు చేసి పక్కకు పెడితే పది రోజులకు బ్యాటరీ దాదాపు అలాగే ఉంటుంది. గడియారం మళ్లీ సరిచేసుకోవాలి, కొన్ని మ్యూజిక్ సిస్టమ్‌లు కోడ్ అడుగుతాయి, అంతే. కరెంటు లేని కారుకు రిమోట్ పనిచేయదు కాబట్టి రిమోట్ లోపల దాగి ఉండే చిన్న ఇనుప తాళంచెవి ఎలా బయటికి వస్తుందో, అది డ్రైవర్ తలుపుకు పడుతుందో లేదో వెళ్లే ముందే చూసుకోవాలి. బ్యాటరీ డిక్కీలో ఉండే కార్లకు ఈ పద్ధతి వద్దు, కరెంటు లేక డిక్కీయే తెరుచుకోకపోవచ్చు. వాటికి అప్పుడప్పుడూ స్టార్ట్ చేయమని వాచ్‌మన్‌కు తాళం ఇచ్చి వెళ్లడం కన్నా, వెళ్లే ముందు రోజు రాత్రి ఛార్జర్‌తో పూర్తిగా నింపి వదలడం మేలు.